కుడి చెవి వైపు రోడ్డు

నా కుడి చెవి ఒక సోమవారం పొద్దున పని మానేసింది. నిద్ర లేచేసరికి చెవి నిండా నీళ్లు పోసినట్టు, దూరంగా ఎక్కడో కుక్కర్ ఆగకుండా కూస్తున్నట్టు ఉంది. గుబిలి అయి ఉంటుందనుకున్నాను. మా ఆవిడ నూనె వెచ్చబెట్టి రెండు చుక్కలు వేసింది. ఆఫీసులో పార్లమెంటు ప్రశ్నలకి జవాబులు తయారు చేసే రోజులవి. ఒక చెవి కోసం సెలవేమిటని పది రోజులు అలాగే తిరిగాను. పదకొండో రోజు డాక్టరు దగ్గరికి వెళితే, మొదటి రెండు మూడు రోజుల్లో రావాల్సిందనీ, ఇప్పుడు నరం దెబ్బతినిపోయిందనీ, ఇక వినికిడి తిరిగి రాదనీ చెప్పాడు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో మా ఆవిడ దారి పొడుగునా నన్ను తిట్టింది. కుడి పక్కన కూర్చుని తిట్టింది కాబట్టి సగం నాకు చేరలేదు.

మేముండేది ఆర్కే పురంలో, సర్కారు క్వార్టర్లో. నా ఆఫీసు కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాలో. మధ్యలో ఐదు కిలోమీటర్లు. ఒంగోలు వైపు నుంచి ఉద్యోగం మీద ఢిల్లీ వచ్చిన కొత్తలో బస్సుల్లో వేలాడలేక ఒక సైకిల్ కొన్నాను. ఇరవై ఏళ్లలో మూడు సైకిళ్లు మారాయి కానీ అలవాటు మారలేదు. స్కూటరు కొనుక్కోమన్నవాళ్లతో పోట్లాడాను. సెక్షన్ ఆఫీసరై ఉండి ఇంకా సైకిలేమిటని నవ్విన ఒక పెద్దమనిషితో మూడు నెలలు మాట్లాడలేదు. నాకు కోపం ఎక్కువ, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కింద పడలేదు. అందులో నేర్పు కంటే భయం పాలే ఎక్కువ. ఆగి ఉన్న ప్రతి కారు తలుపూ నేను పక్కకి రాగానే తెరుచుకుంటుందనే అనుకుని మూరెడు ఎడంగా పోతాను. స్టాపులో ఆగిన బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందు ఎంత ఊరించినా దూరను. పెద్ద కూడలి వస్తే సిగ్గుపడకుండా దిగి, నడిచేవాళ్లతో కలిసి సైకిల్ నడిపించుకుంటూ దాటుతాను. వానలో నీళ్లు నిలిస్తే, అడుగున ఏ మ్యాన్‌హోల్ నోరు తెరుచుకుని ఉందో తెలీదు కాబట్టి, ముందు వెళ్లే రిక్షా చక్రం ఎక్కడ మునిగి ఎక్కడ తేలిందో చూసి దాని వెనకే పోతాను. సైకిళ్ల కోసమని వేసిన దారి కొంత మేర ఉంది. దాంట్లో కార్లు పార్క్ చేసి ఉంటాయి, మోమోల బండి ఉంటుంది, ఎదురుగా వచ్చే మోటారు సైకిళ్లుంటాయి, సైకిల్ తప్ప అన్నీ ఉంటాయి.

ఇవన్నీ కళ్లతో చేసే పనులు. వెనక ఉన్నదాన్ని చూడాల్సింది మాత్రం చెవులే. ఎడమ అంచున పోయే సైకిల్ వాడి ప్రాణం తీయగలిగినదేదైనా కుడి పక్కనుంచే, వెనకనుంచే వస్తుంది. ఆ పక్క చెవే నాకు పోయింది. అంతకంటే చిత్రమేమిటంటే, ఒక్క చెవి మిగిలినవాడికి లోకంలో ప్రతి శబ్దమూ ఆ చెవి వైపునుంచే వచ్చినట్టుంటుంది. డాక్టరు చెప్పినా నాకు బుర్రకెక్కలేదు. మళ్లీ సైకిల్ తీసిన మొదటి రోజే మునిర్కా ఫ్లైఓవర్ దాటాక గట్టిగా బస్సు హారన్ వినపడింది. ఎడమ పక్కనుంచి వస్తోందనుకుని కుడికి జరిగాను. బస్సు కుడి పక్కనే ఉంది. డ్రైవరు బ్రేకు మీద నిలబడి, కిటికీలోంచి తల బయటపెట్టి మా వంశం మొత్తాన్ని ఒక్క గుక్కలో తిట్టాడు. ఆ తిట్లు కూడా ఫుట్‌పాత్ మీదనుంచి వచ్చినట్టే ఉన్నాయి.

ఆ సాయంత్రం నోరు జారి ఇంట్లో చెప్పాను. మా ఆవిడ చేతిలో గరిటె అలాగే పట్టుకుని బయటికి వచ్చింది.

"ఇంక ఆ సైకిల్ జోలికి పోబాకండి. చెబుతున్నా. బస్సులో పోతారో, నడిచే పోతారో మీ ఇష్టం."

"బస్సులో పోవడానికి నాకేం రోగం?" అన్నాను.

"ఆ రోగమే కదండీ ఇప్పుడొచ్చింది!"

ఆ మాటకి మా అమ్మాయి తన గదిలోంచి వచ్చింది. మాకు ఒక్కతే పిల్ల. ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఇంజనీర్ల ఉద్యోగాల పరీక్షకి జియా సరాయ్‌లో కోచింగ్ తీసుకుంటోంది. జియా సరాయ్ నా ఆఫీసుకి వెళ్లే దారిలోనే. తనూ సైకిల్ మీదే వెళుతుంది కానీ నాతో కాదు. నేను ఎనిమిదింటికి బయలుదేరితే తను తొమ్మిదింటికి. "మమ్మీ, మై పాపా కే పీఛే చలూంగీ," అంది. పాపా వెనక నేను వెళ్తాను, వెనక ఏది వచ్చినా నేను అరుస్తాను, రోజూ ఒక గంట ముందు వెళ్లి లైబ్రరీలో చదువుకుంటాను అని అంతా హిందీలో, ఒక దరఖాస్తు చదివినట్టు చెప్పింది.

మా అమ్మాయి తెలుగు సంగతి ఇక్కడ చెప్పాలి. మా ఇంట్లో తెలుగు ఒకవైపే నడుస్తుంది. మేము తెలుగులో అడుగుతాం, తను హిందీలో జవాబు చెబుతుంది. అన్నీ అర్థమవుతాయి, సామెతలు, సణుగుళ్లు, గొణుగుళ్లు సహా. నోట మాత్రం ఒక్క ముక్క రాదు. చిన్నప్పుడు బలవంతం చేశాను, కోప్పడ్డాను కూడా. ఒకసారి తెలుగులో అడిగితే గానీ మంచినీళ్లివ్వనని మొండికేస్తే, ఆరేళ్ల పిల్ల స్టూలు ఎక్కి తనే తెచ్చుకుని తాగింది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. పెద్దయ్యేకొద్దీ మా మధ్య మాటలే తగ్గాయి. "అన్నం తిన్నావా?" "హా." అంతటితో రోజు గడిచిపోయేది.

మర్నాటినుంచి ఇద్దరం కలిసి బయలుదేరాం. నేను ముందు, తను రెండు సైకిళ్ల దూరంలో వెనక. జియా సరాయ్ తర్వాతా, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ నేనొక్కణ్ణే లోపలి సందుల్లో పోయేవాణ్ణి. మూడు రోజులు ఆ ఏర్పాటు అస్సలు పనిచేయలేదు. బండి వస్తోందనీ, పక్కకి జరగమనీ, ఆగమనీ తను అరుస్తూనే ఉంది: "పాపా, గాడీ!" "సైడ్ మే!" "రుకో, రుకో!" నేను వింటూనే ఉన్నాను, పట్టించుకోలేదు. మూడో రోజు ఒక నీళ్ల ట్యాంకరు నా మోచేతిని రాసుకుంటూ పోయింది. పిల్ల ముందుకి వచ్చి సైకిల్ అడ్డం పెట్టి, ఏడుపు మొహంతో నన్ను నిలదీసింది. అంత గట్టిగా అరిచాను, వినపడలేదా అని.

వినపడింది. తనదని తెలియలేదు. ఢిల్లీ రోడ్డు మీద వెనకనుంచి హిందీలో అరిచే ప్రతివాడికీ తల తిప్పితే ఎవడూ ఆఫీసుకి చేరడు. ఇరవై ఏళ్లుగా నా చెవులు ఆ అరుపుల్ని గాలికి వదిలేయడం నేర్చుకున్నాయి. ఆ రోడ్డు మీద ఎంతమంది పిల్లలు ఎంతమందిని పాపా అని పిలుస్తుంటారో లెక్కలేదు. ఉన్న ఒక్క చెవీ ఆ గోలలో నా కూతురి గొంతుని ఏరుకోలేకపోయింది.

"తెలుగులో అరిచి చెప్పు," అన్నాను. "ఈ రోడ్డు మీద తెలుగులో అరిచేది నువ్వొక్కదానివే. అప్పుడు నాకే అని తెలుస్తుంది."

మొహం గంటు పెట్టుకుంది. సైకిలెక్కింది. ఓ ఫర్లాంగు పోయాక వెనకనుంచి, కొంచెం గీరగా, కొంచెం సిగ్గుగా, ఒక మాట వచ్చింది.

"నాన్నా, గుంట."

గుంట తప్పించాను. కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. ఒంటి చేత్తో సైకిల్ పట్టుకుని ఇంకో చేత్తో కళ్లు తుడుచుకోవడం నా పద్ధతులకి పూర్తిగా విరుద్ధం.

అలా మొదలైంది. నాన్నా, కుడి పక్క బస్సు. నాన్నా, ఆగు. వెనక రెండు బళ్లు, రానీ. కుక్క. తలుపు చూడు. ఇప్పుడు పో. వానలు తగ్గేసరికి ముప్పై నలభై మాటలయ్యాయి. వాళ్లమ్మ యాసే, అచ్చంగా ఒంగోలు యాస. ఎదురొచ్చే మోటారు సైకిల్ని చూసి ఒకరోజు "వీడెవడో యాడికో చావడానికి పోతన్నాడు" అనేసింది. నవ్వు ఆపుకోలేక సైకిల్ దిగిపోయాను. ఇంకోరోజు సిగ్నల్ దగ్గర ఆగితే, పక్కన మోటారు సైకిల్ మీద ఉన్న సైనికుడొకడు చటుక్కున తల తిప్పాడు. ఆలివ్ గ్రీన్ యూనిఫారం, కంటోన్మెంటులో పోస్టింగ్ అయి ఉంటుంది.

"ఏ ఊరు సార్ మీది?" అన్నాడు. "పొద్దున్నే నాన్నా అని వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. మాది పలాస."

పచ్చ లైటు పడి వెళ్లిపోయాడు. మా అమ్మాయి రోజంతా దాన్ని తలుచుకుని మురిసిపోయిందని సాయంత్రం వాళ్లమ్మ చెప్పింది. నాతో మాత్రం ఇంటి గుమ్మం దాటగానే మళ్లీ పాపా, మళ్లీ హిందీ. తెలుగు రోడ్డు వరకే. పొద్దున ఆ ఇరవై ఐదు నిమిషాలే.

ఆ ఇరవై ఐదు నిమిషాల కోసం నేను ముందు రోజు రాత్రే టైర్లలో గాలి చూసుకునేవాణ్ణి. ఆదివారాలంటే చిరాకు పట్టుకుంది.

దీపావళికి ముందు ఎడమ చెవిలో కూడా ఏదో తేడా అనిపించింది. ఆఫీసులో ఫోను ఎత్తితే అవతలివాళ్ల మాట గొంతులోనే ఉండిపోయినట్టుంది. ఇంట్లో చెప్పకుండా లంచ్ టైములో వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. గాజు తలుపు అవతల ఆ అమ్మాయి ఏవో తిప్పుతూనే ఉంది. నేను మాత్రం బటన్ మీద వేలు పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఎడమది కూడా తగ్గుతోందని డాక్టరు చెప్పాడు. మిషన్ పెట్టుకోవాలన్నాడు. ట్రాఫిక్‌లో సైకిల్ ఇక వద్దన్నాడు.

ఆ కాగితం మడిచి ఆఫీసు టేబులు సొరుగులో అడుగున పెట్టేశాను. ఇది నేను తెలిసి చేసిన పని. పిల్ల ఉద్యోగం పరీక్ష అయ్యేదాకా చూద్దాం, తనకి ఇప్పుడెందుకు దిగులు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వెనక తను ఉందిగా, ఇంకొంచెం గట్టిగా అరుస్తుంది అనుకున్నాను. మా మధ్య ఉన్న ఒప్పందం ఒకటే: వెనకనుంచి మాట రాకపోతే రోడ్డు ఖాళీగా ఉన్నట్టు. మాటే నాకు చేరకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే సైకిలెక్కాను, రోజూ.

చలి మొదలైంది. ఆ రోజు పొగమంచు లేదు, ఎండ బాగానే ఉంది. కార్లు వరసగా పార్క్ చేసి ఉన్న చోట పోతున్నాం. వెనకనుంచి చాలాసేపటిగా మాట లేదు. రోడ్డు ఇవాళ బాగుందని హాయిగా తొక్కుతున్నాను. ఉన్నట్టుండి ఒక మోటారు సైకిలు నా కుడి మోకాలికి వెంట్రుకవాసిలో దూసుకుపోయింది. హ్యాండిల్ ఊగిపోయింది, ఎలాగో నిలదొక్కుకున్నాను. నాకు కోపం వచ్చింది, వాడి మీద కాదు, మా అమ్మాయి మీద. ఈ పిల్ల ఏం చూస్తోంది, చెప్పదేమిటి అనుకున్నాను. కూడలి దగ్గర దిగాక గట్టిగా చీవాట్లు పెట్టాలని మాటలు కూడా కూర్చుకున్నాను.

కూడలి దగ్గర దిగి వెనక్కి తిరిగితే తను లేదు. ఫోను చూసుకుంటూ ఎక్కడో ఆగి ఉంటుందని ఒక సిగ్నల్ పోయేదాకా అలాగే కోపంగా నిలబడ్డాను. రెండో సిగ్నల్ కూడా పడింది, తను రాలేదు. సైకిల్ నడిపించుకుంటూ ఫుట్‌పాత్ మీద వెనక్కి పరిగెత్తాను.

అర కిలోమీటరు వెనక, చెట్టు కింద చాయ్ అమ్మే ఆవిడ వేసిన స్టూలు మీద మా అమ్మాయి కూర్చుని ఉంది. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుంది. కుడి చెయ్యి ఎడమ చేత్తో పట్టుకుంది. సైకిల్ ముందు చక్రం వంకరపోయింది. నా మీదికి వస్తున్న మోటారు సైకిల్ని చూస్తూ అరుస్తుంటే, తన ముందు ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకుంది. ఎవడి రోడ్డు వాడు చూసుకోవాలని నేను నేర్పిన పిల్ల, తన రోడ్డు వదిలేసి నా రోడ్డు చూసింది. కారు వాడు సారీ చెప్పి ఎప్పుడో వెళ్లిపోయాడు.

చాయ్ ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అంకుల్ జీ, బచ్చీ నే కిత్‌నీ ఆవాజే దీ. గిర్‌నే కే బాద్ భీ. పూరీ సడక్ నే సునా."

ఎన్నిసార్లు పిలిచిందో, పడ్డాక కూడా పిలిచిందని. రోడ్డంతా విన్నదని.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. మణికట్టు ఎముక చిట్లింది, ఆరు వారాలు కట్టు. పరీక్ష రెండు నెలల్లో ఉంది. కట్టు వేసే గది ముందు బెంచీ మీద కూర్చున్నాం. తను నా కుడి పక్కన కూర్చుంది, ఆ పూట అదేదీ చూసుకునే స్థితిలో లేదు. నేను మెడ పూర్తిగా తిప్పి, పెదాలు చూస్తేగానీ ఏమంటోందో తెలియలేదు.

"ఆప్ కో సునాయీ నహీ దియా నా, పాపా?"

నీకు వినపడలేదు కదూ, అని. ట్రాఫిక్ ఎక్కువగా ఉందని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరే ఉంది. ఆ వాచిన చేతిని చూశాక అబద్ధం ఆడలేకపోయాను. సొరుగులో కాగితం గురించి చెప్పాను.

"ముఝే పతా థా," అంది. తెలుసట. దీపావళి నాటినుంచి ఒకటికి రెండుసార్లు అరవాల్సి వస్తోందట. గొంతు బొంగురుపోయిందని వాళ్లమ్మ రోజూ మిరియాల పాలు ఇచ్చింది ఇందుకేనట. నేను ఎప్పుడు చెబుతానా అని ఎదురుచూసిందట. ఇదంతా హిందీలోనే, నావైపు చూడకుండా చెప్పింది. ఆ తర్వాత ఒక్కసారిగా గొంతు పెరిగింది.

"బతాయా క్యోం నహీ?" ఎందుకు చెప్పలేదు?

"చెబితే సైకిల్ మానేయమంటారు."

"తో? సైకిల్ హీ తో హై!" అయితే ఏం, ఉత్త సైకిలే కదా!

"సైకిల్ కోసం కాదమ్మా," అన్నాను. "రోడ్డు మీద ఉన్నంతసేపు నువ్వు నాతో తెలుగులో మాట్లాడతావు. నన్ను నాన్నా అంటావు. దిగిపోతే ఇక మాట్లాడవని... అందుకని చెప్పలేదు."

బయటికి అనేసరికి అదెంత సిగ్గుమాలిన సంగతో నాకే తెలిసింది. నాలుగు తెలుగు మాటల కోసం నా బిడ్డని రోజూ బస్సుల మధ్యకి తీసుకెళ్లాను. పైగా తను కింద పడి నన్ను పిలుస్తుంటే చీవాట్లు సిద్ధం చేసుకుంటున్నాను. సైకిల్ ఇక తొక్కనని, చెవికి మిషన్ పెట్టించుకుంటానని చెప్పాను. నాకు ఏడుపొచ్చింది. ఎదురు బెంచీ వాళ్లు చూస్తున్నా ఆపుకోలేదు.

తను లేచి నిలబడింది. కోపంతో వెళ్లిపోతుందనుకున్నాను. నా మోకాళ్ల ముందునుంచి అటు తిరిగి వచ్చి, ఎడమ పక్కన కూర్చుంది. చెవి దగ్గరికి వంగింది.

"నాన్నా," అంది. "చెయ్యి బాగా నొప్పిగా ఉంది."

అంతవరకూ ఆ పిల్ల తెలుగులో చెప్పినవన్నీ నా మీదికి వచ్చేవాటి గురించే. తన గురించి చెప్పిన మొదటి మాట అది. ఆ చేతిని మెల్లగా నా ఒళ్లోకి తీసుకుని, "ఎక్కడమ్మా?" అని అడిగాను. పొద్దుటినుంచి ఆ మాట నేను అడగనేలేదు.